దాచుకున్న మాట

మా కాలేజీలో ఈమధ్య అధ్యాపకులకు ఒక శిక్షణ తరగతి జరిగింది. మానసిక ఒత్తిడిని జయించటం ఎలా అన్నది విషయం. హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. మంచివాడే; శ్రద్ధగా మాట్లాడాడు. ఆయన చెప్పిన ఉపాయాలలో నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. మనల్ని ప్రేమించేవాళ్ళు మనకు మనస్ఫూర్తిగా రాసిన మాటలు, ఉత్తరాలు గాని ఫోనులో వచ్చిన మెసేజీలు గాని, ఒకచోట దాచిపెట్టుకోవాలి. మనసు కుంగినప్పుడు తీసి చదువుకోవాలి. చదువుకుంటే మనసు తేరుకుంటుంది.

అప్పటికి మాలో కాంట్రాక్టు అధ్యాపకులకు మూడు నెలలుగా జీతాలు రాలేదు. "జీతం జమ అయిందని బ్యాంకు పంపే మెసేజి దాచుకుంటే మనసు ఇంకా బాగా తేరుకుంటుంది" అన్నాడు మా అర్థశాస్త్రం మిత్రుడు. అందరం నవ్వాం. అందరికంటె గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. నవ్వటానికి నా దగ్గర సిద్ధాంతం కూడా వుంది. ఐతే ఆ సాయంత్రం ఇంటికి పోయి బీరువా తెరిస్తే అడుగు అరలో రేకుపెట్టె కనిపించింది. అందులో వున్నవి ఆయన దాచుకోమన్న రకం వస్తువులే. ఇరవై ఏళ్ళుగా దాచుకుంటున్నాను, ఏ నిపుణుడూ చెప్పకుండానే.

తాను చేస్తున్న పనినే ఇంకొకడు చెయ్యమన్నప్పుడు మనిషి నవ్వాడంటే, ఆ పనిలో గాని ఆ నవ్వులో గాని తేల్చుకోవలసింది ఏదో వున్నదన్నమాట. ఈ వ్యాసం దాన్ని గురించి.

మన నవ్వు వెనకవున్న వాదాన్ని ముందు న్యాయంగా చెప్పుకుందాం. మనిషి కుంగుబాటుకు కారణాలు అతని తలలో పుట్టవు. జీతం లేకపోవటం, అప్పు, రాంకుల పోటీ, కులం పేరిట అవమానం, ఇంట్లో ఆడపిల్లకు మాట చెల్లకపోవటం, ఇవీ కారణాలు. వీటి జోలికి పోకుండా "నీ మనసు నువ్వు బాగుచేసుకో" అనటం రోగాన్ని వదిలి రోగికి అద్దం ఇచ్చినట్టు వుంటుంది. పైగా బాగుపడిన మనసుతో అతను తిరిగి వెళ్ళవలసింది ఆ యంత్రం దగ్గరికే. యజమానులకు ఇటువంటి శిక్షణ తరగతులంటే అంత ఇష్టం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. జీతాలు ఇవ్వటంకంటె ఉపన్యాసం ఇప్పించటం చవక.

ఈ వాదంలో అబద్ధం లేదు. నేను తరగతిలో చెప్పేదీ ఇదే. కాని ఇది సగంలో ఆగిపోయిన వాదం. మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చిన సంగతి మనలో ప్రతివాడికీ కంఠస్థమే. దానికి ముందున్న మాటలు మాత్రం చాలామందికి గుర్తుండవు. మతంలో వ్యక్తమయ్యే బాధ నిజమైన బాధేననీ, ఆ బాధమీద నిరసన కూడా అందులోనే వుందనీ ఆయన అక్కడే అన్నాడు. ఓదార్పు చాలదనటం వేరు, ఓదార్పు కోరినవాణ్ణి చూసి నవ్వటం వేరు. మొదటిది విమర్శ. రెండవది కడుపు నిండినవాడి హాస్యం. ఆరోజు నా కడుపు నిండి వుండలేదు కాబట్టి నా తప్పు ఇంకా పెద్దది.

మార్క్స్ ప్రసక్తి వచ్చింది కాబట్టి ఆయన జేబు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయన తండ్రి హైన్‌రిష్ 1838లో చనిపోయాడు. అప్పటికి మార్క్స్‌కు ఇరవై ఏళ్ళు. తండ్రి ఫోటో ఒకటి ఆయన ఎప్పుడూ తనతో వుంచుకునేవాడట. కూతురు ఎలియనార్ రాసింది. కొత్తవాళ్ళకు ఎవరికీ చూపేవాడు కాదట. ఎందుకంటే అందులో పోలిక సరిగా రాలేదని ఆయన అభిప్రాయం. 1883లో ఆయన పోయినప్పుడు భార్య ఫోటో, పెద్దకూతురు ఫోటో, వాటితోపాటు ఇదీ ఆయన రొమ్ము జేబులో దొరికాయి. ఆ మూడింటినీ ఎంగెల్స్ శవపేటికలో వుంచాడు.

జేబులో ఫోటో పెట్టుకున్నందువల్ల "పెట్టుబడి" రాసినవాడు భావవాది ఐపోయాడని ఎవరూ అనరు. నేను ఆలోచిస్తున్నది ఆ పోలిక గురించి. పోలిక సరిగా లేదని తెలిసి కూడా ఆయన దాన్ని పారెయ్యలేదు. దాచుకున్న మాటలమీద మనం చేసే ప్రధానమైన ఆరోపణకు ఇక్కడ సంబంధం వుంది. ప్రేమించేవాళ్ళు మనను గురించి చెప్పేది నిజం కాదు కదా, అమ్మకు తన కొడుకు బంగారమే కదా, అటువంటి మాటలను పదేపదే చదువుకోవటం ఆత్మవంచన కాదా అన్నది ఆ ఆరోపణ.

దీనికి మనస్తత్వశాస్త్రం ఇచ్చే జవాబు కొంతవరకు పనికివస్తుంది. అమెరికాలో గోర్డన్ బోవర్ అనే పండితుడు 1981లో ప్రచురించిన పరిశోధనలో ఒక సంగతి చూపాడు. విచారంలో వున్న మనిషికి విచారకరమైన జ్ఞాపకాలే సులభంగా తడతాయి. సంతోషంలో వున్నవాడికి సంతోషకరమైనవి. అంటే కుంగినవాడి జ్ఞాపకం పక్షపాతి. తనకు వ్యతిరేకంగా చెప్పే సాక్షులనే అది కోర్టుకు పిలుస్తుంది. "నన్ను ఎవరూ ఎన్నడూ లెక్కచెయ్యలేదు" అని అతను అనుకుంటున్నప్పుడు అబద్ధమాడటం లేదు. లెక్కచేసిన సందర్భాలు ఆ క్షణాన అతనికి తట్టటం లేదు, అంతే. అప్పుడు చేతిలో కాగితం వుంటే ఆ కాగితం మనసు మారినప్పుడల్లా మారదు. తారీఖు వుంటుంది, చేతిరాత వుంటుంది. ఆ విధంగా అది దస్తావేజు. కుంగినవాడి దగ్గర వుండటం ఆత్మవంచన కాదు సరికదా, ఆత్మవంచనకు అడ్డు.

ఐతే ఇది కూడా సగం జవాబే. దస్తావేజులో వున్నది అబద్ధమైతే? నా పెట్టెలోని ఒక కాగితం గురించి చెబుతాను.

నేను ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు, 2005 ప్రాంతంలో, ఊరి నుంచి అమ్మ మనియార్డరు పంపేది. మాది నిజామాబాదు జిల్లా. అమ్మ బీడీలు చుట్టేది. ఆ రోజుల్లో మనియార్డరు ఫారం అడుగున పంపేవాళ్ళు నాలుగు మాటలు రాసుకోవటానికి కాస్త జాగా వుండేది. పోస్టుమాన్ ఆ ముక్క చించి డబ్బుతోపాటు ఇచ్చేవాడు. (2015లో తపాలాశాఖ ఆ పాత పద్ధతికి స్వస్తి చెప్పింది.) అమ్మకు చదువు రాదు. పోస్టాఫీసులో వున్న ఆయనే రాసి పెట్టేవాడు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాం. ఆయన దగ్గర వున్న వాక్యాలు ఇవే. ఊరందరి కొడుకులకూ అవే వాక్యాలు పోయేవి. నిజానికి వాటికి నేనెప్పుడూ విలువ ఇవ్వలేదు. కాని ఒక ముక్కలో, ఆ రెండు వాక్యాల కింద, ఇరుకుగా, మూడో వాక్యం వుంది. "ఈ నెల ఆకు మంచిగొచ్చింది, బీడీలు మంచిగైతున్నయ్, పైసల రంది పెట్టుకోకు." అది ఆమె నోటి మాట. ఆయన రాయనన్నా పట్టుబట్టి రాయించి వుంటుంది.

తునికాకు మంచిదైతే చుట్టిన బీడీలు నిలుస్తాయి. చిల్లులుపడ్డ ఆకు వస్తే, కట్టలు విప్పి చూసే గుమాస్తా సగం పక్కన పడేస్తాడు. వాటికి కూలి వుండదు. ఈ సంగతి తెలిసినవాడికి ఆ వాక్యంలో ఎంత ఆనందం వుందో తెలుస్తుంది. హాస్టల్లో పదహారేళ్ళ వాణ్ణి, లెక్కల్లో తప్పుతూ, తిరిగి ఇంటికి పారిపోదామనుకుంటున్నవాణ్ణి, ఆ ముక్క చదువుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయానో చెప్పలేను. నిపుణుడు చెప్పినట్టే పనిచేసింది.

చాలా ఏళ్ళ తర్వాత మాటల్లో మా పెద్దమ్మ ద్వారా తెలిసింది. ఆ నెల వచ్చింది పనికిమాలిన ఆకు. అమ్మ అప్పుచేసి పంపింది.

మరి నేను దాచుకున్నది ఏమిటి? వార్తగా చూస్తే అబద్ధం. కాని ఆ అబద్ధానికి ఆమె పెట్టిన వెల వుంది చూడండి, అది అబద్ధం కాదు. ఆ కాగితం నా విలువకు రుజువు కాదు. నేను మంచివాణ్ణనీ తెలివైనవాణ్ణనీ అది చెప్పటంలేదు. ఒక మనిషి తన రక్తాన్ని కూలి ధరకు అమ్మి, ఆ సంగతి నాకు తెలియకుండా దాచటానికి ఒక వాక్యాన్ని కనిపెట్టిందనటానికి మాత్రం అది రుజువు. మార్క్స్ జేబులోని ఫోటోకు పోలిక లేకపోయినా విలువ వుండటం ఇటువంటిదే అయివుంటుంది. ప్రేమ రాసిన మాటలో మన బొమ్మ సరిగా వుండదు. రాసినవాళ్ళ చెయ్యి వుంటుంది.

ఈ సంగతి తెలిశాక ఆ ముక్క నాకు మందుగా పనిచెయ్యటం మానేసింది. ఇప్పుడు చదివితే మనసు తేలికపడదు, బరువెక్కుతుంది. విచిత్రమేమంటే దాన్ని నేను వెనకటికంటె జాగ్రత్తగా దాచుకుంటున్నాను. అప్పటిదాకా అది నాకు ఆస్తి. అప్పటినుంచి బాకీ పత్రం. దాచుకున్న మాటను గురించి తేల్చుకోవలసిన నైతిక ప్రశ్న ఇక్కడ వున్నదని నాకు తోస్తున్నది. దాన్ని మనం ఆస్తిగా దాచుకుంటున్నామా, బాకీగా దాచుకుంటున్నామా?

మా ఇంట్లోనే దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా వుంది. అంతకు పదేళ్ళ ముందు బాపు దుబాయిలో కూలికి వున్నాడు. ఫోను చెయ్యాలంటే రోజు కూలి పోతుంది. ఉత్తరం రాస్తే చదివిపెట్టేవాడు కావాలి. మొగుడూ పెళ్ళాల మాటలు మూడోవాడి నోట వినటం ఎవరికి ఇష్టం? అందుకని ఆ తరంలో మా జిల్లాలో, కరీంనగర్లో, గల్ఫుకు పోయిన ఊళ్ళన్నిట్లో క్యాసెట్లు నడిచాయి. అక్కడ రేడియో ముందు కూచుని గంటసేపు మాట్లాడి రికార్డు చేసి, సెలవుమీద వచ్చేవాడి చేతికి ఇచ్చి పంపేవారు. బాపు క్యాసెట్టు వస్తే అమ్మ రాత్రి అందరూ పడుకున్నాక తలుపు వేసుకుని వినేది. నేను నిద్రపోయినట్టు పడుకుని వినేవాణ్ణి. "పెద్దోడు బడికి పోతున్నడా" అని బాపు అడిగినప్పుడు చీకట్లో తల వూపేవాణ్ణి.

నాలుగైదు రోజులు విన్నాక అమ్మ ఏంచేసేదో చెప్పాలి. ఆ క్యాసెట్టులోనే, బాపు మాటల మీదనే, తన జవాబు రికార్డు చేసేది. కొత్త క్యాసెట్టు కొనాలంటే డబ్బు కావాలి. పైగా తిరుగు మనిషి పోయేలోపు అందించాలి. ఆమె మాట్లాడేకొద్దీ కింద ఆయన గొంతు చెరిగిపోయేది. అక్కడ ఆయన మళ్ళీ ఆమె గొంతుమీద మాట్లాడి పంపేవాడు. ఒకే నాడాపై ఐదేళ్ళ కాపురం జరిగింది. ఇవాళ మా ఇంట్లో బాపు గొంతు ఒక్క నిమిషం కూడా లేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. నేను పెద్దవాణ్ణయాక ఒకసారి "ఒక్కటన్నా దాచుకోకపోయినవే అమ్మా" అన్నాను. "దాసుకుంటె జవాబెట్ల పంపుదుర?" అంది.

ఇందులో పేదరికం వుంది. పేదరికాన్ని నేను అందంగా చూపదలుచుకోలేదు. రెండు క్యాసెట్లు కొనగలిగిన ఇల్లు వాళ్ళదైతే ఒకటి దాచుకునేది, ఒకటి పంపేది, నాకీరోజు ఆయన గొంతు వుండేది. దాచుకోవటానికి కూడా ఆస్తి కావాలి, పెట్టె కావాలి, పెట్టెకు తాళం కావాలి, ఇంట్లో తనదంటూ ఒక మూల కావాలి. మన ఆడవాళ్ళలో ఎందరికి అటువంటి మూల వుంది? పెళ్ళికిముందు స్నేహితురాలు రాసిన ఉత్తరాలను అత్తవారింటికి పోయేముందు పొయ్యిలో పెట్టినవాళ్ళు ఎందరో. వాళ్ళను "మంచి మాటలు దాచుకోండి" అనటానికి ముందు ఆలోచించాలి. ఇదంతా నిజమే. ఐనా అమ్మ జవాబులో పేదరికం ఒక్కటే లేదు. మాట వచ్చింది జవాబు పోవటానికి అన్న జ్ఞానం కూడా వుంది. ఆ జ్ఞానం, ఉత్తరాలన్నీ దాచుకున్న నాకు లేకపోయింది. ఎలా లేకపోయిందో చివర చెబుతాను.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇక్కడ సుందరకాండ గుర్తుకు రావటంలో వింత లేదు. మనసు బాగాలేనప్పుడు సుందరకాండ పారాయణ చెయ్యమని మన పెద్దలు చెబుతారు. అదీ ఒక రకంగా నిపుణుడి చిట్కాయే. పారాయణ చేసేవాళ్ళు కథను గమనిస్తున్నారా అన్నది నా సందేహం. అశోకవనంలో సీత బతుకుమీద ఆశ వదులుకున్న స్థితిలో హనుమంతుడు వస్తాడు. రాముడి ఉంగరం ఇస్తాడు. ఆమె ప్రాణం లేచి వస్తుంది. ఇంతవరకు ప్రియమైనవాడి గుర్తు మనసును లేపిన కథే. ఐతే వాల్మీకి సీత అంతటితో ఊరుకోదు. వచ్చినవాడు ఎవరో, రాక్షసమాయ ఏమోనని ముందు పరీక్షిస్తుంది. ఉంగరం పుచ్చుకున్నాక తన చూడామణి తీసి తిరిగి పంపుతుంది. దానితోపాటు ఇంకొక మాట పంపుతుంది: ఒక్క నెల మాత్రమే బతికి వుంటాను, ఆ తర్వాత వుండను.

ఈ మాటను మన వ్యాఖ్యాతలు విరహంగా చెబుతారు. నాకు అది లెక్కగా కనిపిస్తుంది. ఆ ఉంగరం విలువ ఎంతో ఆమె సరిగ్గా లెక్కకట్టింది. అది లంకను గెలవదు. కాపలా రాక్షసులను తొలగించదు. దానివల్ల వచ్చేది నెల గడువు. ఆ నెలలో సముద్రం దాటవలసినవాళ్ళు దాటాలి. ఉంగరం ఇచ్చి "దీన్ని చూసుకుంటూ ఇక్కడే సంతోషంగా వుండు" అని రాముడు కబురు పెట్టివుంటే ఆ ఉంగరాన్ని ఏమనేవాళ్ళం? మా కాలేజీ శిక్షణ తరగతిలో లోపం ఉంగరం ఇచ్చినందుకు కాదు. సేతువు కట్టే ప్రసక్తే లేకుండా ఉంగరం ఇచ్చినందుకు.

అలాగే, సేతువు కట్టటమే పనిగా వున్న మనవాళ్ళు, ఉంగరం ఎందుకని అడగటమూ తప్పే. నెల గడవకముందే ప్రాణం పోతే సేతువు ఎవరికోసం? ఇది ఉపమానం కోసం అంటున్న మాట కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు వెయ్యటంలో, కలపటంలో పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీయే ఆ తర్వాత చెప్పింది. 2022లో దేశం మొత్తంమీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేరగణాంకాల సంస్థ లెక్క. ఆ పిల్లల తరఫున మనం ఊరేగింపులు తీశాం. తియ్యవలసిందే. కాని ఫలితాలు వచ్చిన రాత్రికీ, ఊరేగింపు బయలుదేరిన ఉదయానికీ మధ్య కొన్ని గంటలున్నాయి. ఆ గంటల్లో ఆ పిల్లవాడి చేతిలో ఏముంది? ఫోను వుంది. ఫోనులో మార్కుల జాబితా వుంది.

ఆ గంటల్లో మాట ఏమైనా చెయ్యగలదా? చెయ్యగలదనటానికి ఒక గట్టి సాక్ష్యం వుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు 1969లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. ఆత్మహత్యా ప్రయత్నం వల్లనో తీవ్రమైన కుంగుబాటు వల్లనో ఆస్పత్రిలో చేరి, బయటికి వచ్చాక చికిత్స కొనసాగించని 843 మందిని తీసుకుని, వాళ్ళను రెండు జట్లుగా చేశాడు. ఒక జట్టుకు ఏమీ పంపలేదు. రెండవ జట్టుకు, ఆస్పత్రిలో వాళ్ళతో మాట్లాడిన మనిషే చిన్న చిన్న ఉత్తరాలు రాశాడు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆ తర్వాత మూడు నెలలకొకటి, మొత్తం ఐదేళ్ళపాటు. ఉత్తరంలో ఉపదేశం లేదు, మందు వాడుతున్నావా అన్న ప్రశ్న లేదు. మీరు బాగున్నారని అనుకుంటున్నాం, మీకు ఎప్పుడైనా రాయాలనిపిస్తే రాయండి, దాదాపు అంతే. జవాబుకు చిరునామా రాసిన కవరు జతచేసి వుండేది. జవాబు వస్తే దానికి తిరిగి జవాబు పోయేది. 2001లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరాలు అందినవాళ్ళలో ఆత్మహత్యలు మొదటి రెండేళ్ళలో స్పష్టంగా తక్కువ. ఆ తర్వాత క్రమంగా రెండు జట్ల మధ్య తేడా తగ్గిపోయింది.

ఉత్తరాలు అరుదైన కొద్దీ తేడా తగ్గటానికి కారణం అదేనని నేను అనలేను. కాలం గడిచేకొద్దీ ప్రమాదం తానుగా తగ్గివుండవచ్చు కూడా. కాని ఒక సంగతి మాత్రం గమనించాలి. ఆ ఉత్తరాల్లో దాచుకోదగిన గొప్ప వాక్యాలేమీ లేవు. మా ఊరి పోస్టాఫీసు వాక్యాలవంటివే, క్షేమమా అని అడిగేవే. వాటిలో బలమంతా అవి మళ్ళీ రావటంలో వుంది. కవరు జతచేసి వుండటంలో వుంది. జవాబు ఇచ్చే శక్తి నీకు వుందని ఆ కవరు చెబుతున్నది. నువ్వు మందు పుచ్చుకునే రోగివి మాత్రమే కావు, ఉత్తరం రాయగల మనిషివి కూడా అంటున్నది.

దీన్నిబట్టి మన నిపుణుడి చిట్కాలో లోపం ఎక్కడుందో చూడవచ్చు. ఇద్దరి మధ్య వున్న సంబంధాన్ని ఆయన ఒకరి దగ్గర వుండే వస్తువుగా చేశాడు. రాసిన మనిషిని వదిలి రాతను తీసుకోమన్నాడు. శ్రమచేసిన మనిషి కనిపించకుండా పోయి సరుకు ఒక్కటే తనంతట తాను విలువ వున్నట్టు కనిపించటాన్ని గురించి మనం తరగతుల్లో పాఠాలు చెబుతాం. ప్రేమ వాక్యం విషయంలో కూడా అది జరుగుతుందని మనకు తట్టదు. ఆ మాటలు దాచే చోటు కూడా ఇప్పుడు మనది కాదు. అవి ఏదో దేశంలో ఏదో కంపెనీ యంత్రాలలో వుంటాయి. ఫోను పోతే పోతాయి. వాటికంటె మా అమ్మ క్యాసెట్టే మేలు. చెరిపింది ఆమే, తెలిసి చెరిపింది.

ఇప్పుడు నా సంగతి చెబుతానన్నాను.

రెండేళ్ళ కిందట మా కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి, చివరి పరీక్ష అయిన రాత్రి, నాకు ఫోనులో పెద్ద మెసేజి పంపింది. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్ల. తెలుగు తరగతిలో తనకు మొదటిసారి తన ఊరి మాట సిగ్గుపడవలసింది కాదని తెలిసిందనీ, నావల్లనే పుస్తకాలు చదవటం అలవాటయిందనీ, ఇంకా చాలా రాసింది. ఉపాధ్యాయుడికి అంతకంటె ఏం కావాలి? దాన్ని ఫొటో తీసి విడిగా దాచుకున్నాను. జీతం రాని నెలల్లో, ప్రిన్సిపాలు గదిలో అరగంట నిలబడి వచ్చిన రోజుల్లో, తీసి చదువుకునేవాణ్ణి. ముప్ఫైసార్లు చదివివుంటాను. చదివినప్పుడల్లా బాగుండేది.

జవాబు ఇవ్వలేదా అంటే ఇచ్చాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాను. ఆ రోజుల్లో పేపర్లు దిద్దే పని వుండింది.

శిక్షణ తరగతిలో నవ్వి వచ్చిన ఆ సాయంత్రం, రేకుపెట్టె మూసి ఫోను తీసి ఆ మెసేజి మళ్ళీ చదివాను. అలవాటుగా మెచ్చుకోలు దగ్గర ఆగకుండా ఈసారి చివరిదాకా చదివాను. చివర రెండు వాక్యాలున్నాయి. "సార్, ఎం.ఏ.కు అప్లై చేస్తానంటే ఇంట్లో వద్దంటున్నారు. మీరు ఒకసారి మా బాపుతో మాట్లాడతారా?"

ముప్ఫైసార్లు చదివిన కాగితంలో ఆ ప్రశ్న నాకు కనిపించలేదు. కళ్ళు లేక కాదు. నేను దాన్ని ఉత్తరంగా చదవలేదు, మందుగా పుచ్చుకున్నాను. మందు సీసామీద ఎవరైనా సహాయం కోరుతారని ఎవడనుకుంటాడు? ఆమె మాట అడగటానికి రాసింది. నేను దాన్ని ఆస్తిగా జమకట్టుకున్నాను. అమ్మ మనియార్డరు ముక్కను అబద్ధమని తెలిశాకనైనా బాకీగా గుర్తించినవాణ్ణి, ఈ బాకీని రెండేళ్ళు వడ్డీతో సహా తిన్నాను. దాచుకోవటం మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు పుస్తకాల్లో దొరకలేదు.

కనుక్కుంటే ఆమె జిల్లా కేంద్రంలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నదని తెలిసింది. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిదాకా నిలబడే వుండాలి. కూచోవటానికి స్టూలు ఇవ్వరు. ఫోను చేశాను. "అయ్యో, దానికేముంది సార్, మీరు బిజీగా వుంటారు గదా" అంది. ఆ మెసేజి నేను దాచుకున్నానని చెప్పలేకపోయాను. చెబితే ఆమె సంతోషిస్తుందని తెలుసు, అందుకే చెప్పలేదు. కొంతసేపటికి ఆమే అడిగింది, ఈసారి ప్రవేశపరీక్షకు దరఖాస్తులు ఎప్పుడని.

పోయిన ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళి ఆమె తండ్రిని కలిశాను. ఆయన ట్రాక్టరు నడుపుతాడు. మంచం వేసి కూచోబెట్టి చాయ ఇచ్చాడు. ఇద్దరు చిన్నపిల్లలు ఇంకా చదువుతున్నారనీ, ఈమె జీతం ఇంటికి ఆసరా అనీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. స్కాలర్‌షిప్ సంగతి, హాస్టలు సంగతి నేను చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "చూద్దాం సార్" అన్నాడు. దరఖాస్తుల గడువుకు ఇంకా మూడు వారాలు వుంది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని చెప్పి వచ్చాను.